అమరావతిలో వినిన కథ, వినని కథ

యాత్ర చేసి వచ్చినవారిని "ఏమి చూచితిరి?" అని అడుగుట మన వాడుక. "ఏమి వింటిరి?" అని అడుగువారు లేరు. కాని యీ కాలపు యాత్రలలో చూచుటకంటె వినుటయే హెచ్చు. బస్సు దిగినది మొదలు మరల ఎక్కువరకు ఒకరు మన ముందు నడచుచు, ఇది ఫలానిది, అది ఫలానిది అని చెప్పుచుందురు. మనము మొదట వారి నోటివంక చూచి, పిమ్మట వారు చేయి చాచినవంక చూచెదము. వారు చూపనిది మన కన్నుల యెదుట నున్నను కనబడదు. కావున గైడు చెప్పెడు కథయు నొక గ్రంథము వంటిదే. గ్రంథమును విమర్శించినట్లే దానిని విమర్శింపవచ్చును, విమర్శింపవలయును గూడ. పుస్తకమున తప్పు పడినచో మరియొకరు దానిని దిద్ది ముద్రింపవచ్చును. నోటిమాటలో పడిన తప్పు గాలిలో పోయినట్లే తోచును గాని, అది పోదు. వినిన బాలబాలికల మనస్సులలో నది చిరకాలము నిలిచియుండును.

ఇటీవల మేము ఇంటివారితోను, ఇరుగుపొరుగు కుటుంబములతోను గలసి, బెజవాడనుండి యొక బస్సు మాటాడుకొని ఉండవల్లి గుహలను, అమరావతిని చూడబోయితిమి. మాతో నొక గైడు వచ్చెను. అతని పేరు, అతనిని పంపినవారి పేరు ఇచట అవసరము లేదు. అతడు మంచివాడు. కంఠము గట్టిది. వృద్ధులు మెట్లెక్కునపుడు చేయి పట్టుకొని యెక్కించెను. మజ్జిగ ఎచట మంచిదియో, చెప్పులు ఎచట విడిచినచో పోవో చెప్పెను. ఇంతమందిని ప్రొద్దుటనుండి సాయంకాలమువరకు విసుగులేక నడిపించుట సామాన్యమైన పని కాదు. మా విమర్శ అతనిమీద కాదు. అతడు నేర్చుకొని వచ్చిన కథమీద, ఆ కథను కోరి వినుచున్న మనమీద.

ప్రకాశము బ్యారేజి దాటి మొదట ఉండవల్లి చేరితిమి. కొండను అంతస్తులు అంతస్తులుగా తొలిచిన ఆ గుహ, క్రింద పొలములు, దూరమున కృష్ణ: ఈ దృశ్యమునకు వ్యాఖ్యానము అక్కర లేదు. లోపల ఏకశిలలో మలచిన అనంతశయన విష్ణుమూర్తి, సుమారు 5 మీటర్ల పొడవున, శేషునిపై పండుకొనియున్నాడు. కొండను తొలిచినవారు పైనుండి క్రిందికి తొలిచిరా, ప్రక్కనుండి లోనికి తొలిచిరా, ఉలిజాడ లెట్లున్నవి, మొదట నిది భిక్షువుల నివాసమా కాదా అని పండితులు వాదించుట యెందుచేత: ఇట్టి వెన్నియో అచట చెప్పదగినవి గలవు. మా గైడు వానిని రెండు వాక్యములలో దాటవేసి, ఒక చీకటిమూల చూపి, "ఇక్కడినుంచి కొండపల్లి కోటకు సొరంగం ఉంది. రాజులు గుర్రాలమీద పోయేవారు. లోపల నిధి ఉందంటారు" అనెను. అంతవరకు ఫోనులు చూచుకొనుచున్న యువకులు సయితము ఒక్కమారు తల లెత్తిరి. కృష్ణకు అడుగున గుర్రము లెట్లు నడచినవని యొక్కరును అడుగలేదు. అటనుండి బస్సులో ఆ సొరంగమును గూర్చిన మాటయే గాని, గుహను గూర్చిన మాట లేదు.

సొరంగపు కథ ఉండవల్లికే పరిమితము కాదు. తెలుగుదేశమున ప్రతి కోటకును ఒక సొరంగము, ప్రతి దిబ్బకును ఒక నిధి యుండనే యున్నవి. ఈ కథలవలన హాని యేమని యడుగువారుందురు. ఆ హాని యెట్టిదో అమరావతియే సాక్ష్యము చెప్పును. ఆ సంగతికి ముందు వత్తుము.

అమరావతిలో అమరేశ్వరస్వామి దర్శన మయినది. పంచారామములలో నొకటిగా ప్రసిద్ధి గన్న ఆ కోవెలలో మావారందరును భక్తితో పూజలు చేయించిరి. భోజనము లయిన తరువాత గైడు వచ్చి, "ఇక మహాచైత్యం చూద్దాం. పెద్దవాళ్లు, ఆడవాళ్లు కావాలంటే బస్సులోనే కూర్చోవచ్చు. అక్కడ మట్టిదిబ్బ తప్ప చూడటానికేమీ లేదు" అనెను. ఆ మాట విని స్త్రీలలో సగమునకు మించి చెట్టునీడను గిన్నెలు సర్దుకొనుచు నిలిచిపోయిరి. మేము, మరి కొందరును, మా మేనకోడలును బయలుదేరితిమి. ఆ పిల్లకు పదునొకండేండ్లు. ప్రశ్నలు వేయుట దాని స్వభావము.

మట్టిదిబ్బ తప్ప ఏమియు లేదనుట పైకి నిజమే. విశాలమైన గుండ్రని కట్టడపు మొదలు, అందందు నిలిపిన కొన్ని రాతి స్తంభములు, చుట్టును గడ్డి: కన్ను కిది యల్పముగనే కనబడును. కాని యిచట నొకప్పుడు సుమారు 160 అడుగుల వెడల్పున మహాస్తూప ముండెను. దాని చుట్టును లేతపచ్చ ఛాయగల పలనాటి సున్నపురాతితో చెక్కిన వేదిక యుండెను. ఆ రాళ్లపై మాయాదేవి స్వప్నము, మదించిన యేనుగును బుద్ధుడు శాంతింపజేయుట, ఖాళీ సింహాసనమునకు మ్రొక్కుచున్న స్త్రీపురుషులు మున్నగు చిత్రములు చెక్కబడెను. స్తూపము చెక్కుచెదరక యున్నపు డెట్లుండెనో, ఆ రూపమును సయితము శిల్పులే చిన్నచిన్న పలకలపై చెక్కి పెట్టిరి. నేడు ఆ పలకలు లేకున్న దాని యాకార మిట్టిదని మనము ఊహింపనైనను లేకపోదుము.

మా మేనకోడలు నలుదెసలు చూచి, "ఆ రాళ్లన్నీ ఏవండీ?" అని యడిగెను.

"తెల్లవాళ్లు దోచుకుపోయారమ్మా. అన్నీ లండనులో ఉన్నాయి" అని గైడు చెప్పెను.

"వాటిని ముందు ఎవరిచ్చారు?"

"రాజులమ్మా. శాతవాహన రాజులు. ఇంత పెద్దది రాజులు కట్టించక ఇంకెవరు కట్టిస్తారు?"

ఈ రెండు సమాధానములే యీ వ్యాసమునకు కారణము. రెండును పూర్తిగా అబద్ధములు కావు. రెండును సగము సత్యములు. అబద్ధమును ఖండించుట సులభము. సగము సత్యమే మిక్కిలి దిట్టమైనది.

మొదటి సమాధానమును పరిశీలింతము. లండనునందలి బ్రిటిషు మ్యూజియమున అమరావతి శిల్పములు నూటికి పైగా నున్న మాట వాస్తవము. కాని అన్నియు అచట లేవు. మదరాసు మ్యూజియమునందే యంతకు మించి యున్నవి. కొన్ని అమరావతి మ్యూజియముననే యున్నవి. ఆ గైడు చూపిన దిబ్బకు కొలది నడకలోనే మ్యూజియ ముండగా, "అన్నీ లండనులో ఉన్నాయి" అను మాట విన్నవారిలో పెక్కుమంది దాని గడప త్రొక్కకయే బస్సెక్కిరి. సగము సత్యము చేసిన మొదటి హాని యిది.

ఇంతకును రాళ్లు చెదరిన చరిత్ర యిట్టిది. 18వ శతాబ్దము ముగియుచుండగా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు తమ రాజధానిని చింతపల్లినుండి అమరావతికి మార్చిరి. కొత్త పట్టణమునకు ఇటుకలు, రాళ్లు కావలసివచ్చెను. దిబ్బ త్రవ్వినచో ఇటుక దొరకును. అడుగున నిధి దొరకునని యాశ. త్రవ్వించిరి. ఆ దినములలో కర్నలు మెకంజీ వచ్చి చూచి, 1816లో మరల తన చిత్రకారులతో వచ్చునప్పటికి దిబ్బ నడుమ చెరువు త్రవ్వబడియుండెను. రాళ్లు గోడలలోనికి, మెట్లలోనికి, గుళ్లలోనికి, మసీదులోనికి పోయినవి. మరికొన్ని సున్నపుబట్టీలలో కాలి సున్నమయినవి. బుద్ధుని ముఖమును కాల్చి ఇంటిగోడకు వెల్లవేసికొన్న చేతులు పరదేశీయుల చేతులు కావు. మరియు నాయుడుగారు దుర్మార్గులును కారు. వారు దాతలు, దేవాలయములను కట్టించినవారు. ఆ దిబ్బ యేమో చెప్పగలవారు ఆ కాలమున లేకపోయిరి. నిధి కలదని చెప్పగలవారు మాత్రము కలరు. నిధి కథవలన హాని యేమని యడిగినవారికి మా సమాధాన మిదియే.

పిమ్మట దొరల వంతు వచ్చెను. 1830 ప్రాంతమున బందరు కలెక్టరు రాబర్ట్‌సను కొన్ని పలకలను బండ్లమీద బందరునకు తెప్పించి, తన పేర వెలసిన పేటలో అలంకారముగ నిలిపెను. 1845లో వాల్టరు ఎలియటు త్రవ్వించి పెక్కు శిల్పములను మదరాసునకు చేర్చెను. అచట అవి యేండ్లకొలది ఎండకు ఎండి, వానకు తడిసి, 1859లో ఓడ యెక్కినవి. లండనులో సయితము వానికి వెంటనే గౌరవము జరుగలేదు. బండ్లశాలలో పడియున్నవానిని 1867లో ఫెర్గుసను కనుగొని, మరుసటి యేట వానిని గూర్చిన గ్రంథమును ప్రకటించెను. 1880లో మదరాసు గవర్నరు బకింగుహాము ప్రభువు ఆజ్ఞవలన దిబ్బ మిగిలిన భాగమును శుభ్రపరచు పేరిట తవ్వివేసిరి. ఏ రాయి ఎచట నుండెనో సరిగా వ్రాసియుంచనైన లేదు. బర్జెస్సు పండితుడు వచ్చునప్పటికి మిగిలినది గోయి. ఇది యంతయు దొరల తప్పిదమే. దానిని దాచుట న్యాయము కాదు. కాని మన తప్పిదమును వారి తప్పిదము చాటున దాచుటయు న్యాయము కాదు.

భట్టిప్రోలు దిబ్బయు నిట్టిదే. 1892లో అలెగ్జాండరు రియా అచట ధాతువుల పేటికలను వెలికి దీయునప్పటికే దాని యిటుకలు రోడ్డు పనులకు పోయియుండెను. మన డెల్టాలో నేడు మనము నడచెడు బాటల క్రింద స్తూపము లున్నవనిన అతిశయోక్తి కాదు.

ఇక రెండవ సమాధానము. "రాజులు కాక యింకెవరు?" ఈ ప్రశ్నకు రాళ్లే యుత్తరము చెప్పుచున్నవి. అమరావతి శాసనములలో రాజుల పేర్లు లేకపోలేదు. వాసిష్ఠీపుత్ర పుళుమావి పేరు కలదు. కాని దాన మిచ్చినవారి వరుస చూచినచో, వారిలో హెచ్చుమంది మన వంటి గృహస్థులు. గృహపతులు, వర్తకులు, సుగంధద్రవ్యము లమ్మువాడు. భిక్షువులు, భిక్షుణులు, వారి శిష్యురాండ్రు. ఒక్కరుగా నిచ్చిన స్త్రీలు, కుమార్తెలతో గలసి యిచ్చిన తల్లులు. ఒకరు స్తంభమిచ్చిరి; ఒకరు పలక; ఒకరు పైరాయి. భట్టిప్రోలు పేటికలపై సయితము కుబేరకు డను రాజు పేరొక్కటియే కాక, గోష్ఠిగ నేర్పడిన సామాన్యుల పేర్లు వరుసగా నున్నవి. మన డెల్టాలోని యీ పురాతన కట్టడములు చందాలతో లేచినవని చెప్పినను తప్పు లేదు.

ఆ దాతలలో ఒకని సంగతి చదువరులకు విశేషించి చెప్పవలసియున్నది. అతని పేరు విధికుడు. వృత్తిచేత చర్మకారుడు. శాసనము అతని వృత్తిని దాచలేదు. మొట్టమొదటనే దానిని చెప్పినది. అతని తండ్రి నాగుడు. అతనిని ఉపాధ్యాయు డని శాసనము పేర్కొన్నది. ఈ విధికుడు తన తల్లితో, భార్యతో, సోదరులతో, కుమారునితో, కుమార్తెలతో, బంధుమిత్రులతో గూడి పూర్ణఘటము చెక్కిన పలక నొకదానిని మహాచైత్యమునకు దాన మొసగెను. కుమారుని పేరును నాగుడే. తాతపేరు మనుమనికి పెట్టెడు ఆచారము మన యిండ్లలో ఎంత ప్రాచీనమైనదో యిందువలన తెలియుచున్నది. తోలుపని చేయువాని తండ్రి ఉపాధ్యాయుడు. ఆ తోలుపనివాడు ఆ మహాచైత్యముననే తన పలకను నిలిపెను. దానిని ఎవ్వరును త్రోసివేయలేదు. ఆ కాలమున భేదములు లేవని మేము చెప్పబోము. ఒక్క శాసనముచేత అంత మాట చెప్పుట తగదు. కాని ఆ ఒక్క పలక మాత్రము ఆ స్తూపమునకు ఆనుకొనియే నిలిచెను. ఆ వృత్తివారి సంతతిని ఈ దేశమున ఎన్ని కోవెలల గడపలు, ఎన్ని నూతుల యొడ్లు ఎంతకాలము దూరముగ నుంచెనో తలచుకొన్నచో, రెండువేల యేండ్ల నాటి ఆ పలక మనకు సిగ్గును, ధైర్యమును గూడ కలిగింపవలసినది.

ఈ కథ మా గైడు చెప్పలేదు. చెప్పలేదనుటకంటె, అతనికి చెప్పినవారు లేరనుట న్యాయము. మ్యూజియమునుండి వచ్చి బస్సులో కూర్చున్న తరువాత మా మేనకోడలికి ఈ సంగతి చెప్పుచుండగా చుట్టుప్రక్కలవారును వినిరి. స్త్రీలు దాన మిచ్చిన మాట విని, చెట్టునీడను మిగిలిపోయిన యొక గృహిణి, "అట్లయితే మమ్మల్నెందుకు దిగవద్దన్నారు?" అని యడిగెను. దానికి ఎవ్వరును బదులు చెప్పలేదు. చర్మకారుని సంగతి విని యొక పెద్దమనుష్యుడు, "పుణ్యయాత్రకు వచ్చి యీ కులాల గొడవ లెందుకండీ?" అనెను. మే మాయనతో వాదింపలేదు గాని, ఆ మాట మమ్ము దారి పొడవునను బాధించెను. కులమును బస్సులోనికి తెచ్చినది మేమా? ఆ దాత తన వృత్తిని తానే రాతిమీద చెక్కించుకొనెను. ఆ రాతిని చదువుట గొడవ యెట్లగును? చదువకుండుటయే నెమ్మది యనుకొనుట గదా మన దేశమున చిరకాలముగ నున్న గొడవ!

ఇచట నొక ప్రశ్న పుట్టును. యాత్రకు వచ్చినవారు వినోదము కోరుదురు. వారికి శాసనములు, త్రవ్వకములు ఏల? సొరంగము, నిధి, రాజు, రాణి యుండిననే కథ రక్తి గట్టును గదా? ఈ వాదము వినుటకు బాగుగనే యున్నది. కాని కట్టుకథను చెప్పవద్దని మేము అనుట లేదు; కట్టుకథను కట్టుకథగ చెప్పుమనుచున్నాము. స్పెయినుదేశమున గ్రనడా నగరమందలి అల్‌హంబ్రా కోటలో 1829లో వాషింగ్టను అర్వింగు అను అమెరికా రచయిత కొన్నాళ్లు నివసించెను. అతనికి మతేయో అను పేదవాడు దారి చూపెను. ఆ కోటలోనే పుట్టి పెరిగిన ఆ మతేయో నోట నిధుల కథలు, మంత్రపు కథలు కొల్లలు. అర్వింగు వానిని వ్రాసికొని 1832లో ప్రకటించిన గ్రంథమునకు కథలు అనియే పేరు పెట్టెను. ఏ కథ యెవరివలన వింటినో చెప్పెను. చదివినవాడు రక్తియు పొందును, మోసమును పోడు.

అదే దేశమున కార్డోవా నగరమందు 8వ శతాబ్దమున ఆరంభమైన గొప్ప మసీదు కలదు. 1236లో నగరము క్రైస్తవ రాజు వశ మయిన పిమ్మట అది చర్చి యయినది. 16వ శతాబ్దమున నడిమి స్తంభములను తొలగించి అచటనే పెద్ద చర్చి నొకదానిని లేపిరి. నేడు యాత్రికుడు ఆ కమానుల నడుమ నిలిచిన చాలును: ఎవరు కట్టిరి, ఎవరు మార్చిరి అనునది అతని కన్నులే చెప్పును. గైడు సగము దాచినను రాయి దాచదు. అమరావతి స్థితి దీనికి విరుద్ధము. ఇచట రాయి పోయినది. మాట యొక్కటియే మిగిలినది. రాయి నిలిచిన చోట గైడు తప్పు చెప్పినను దిద్దువా రుందురు. రాయి లేచిపోయిన చోట గైడు మాటయే రాయి. కావున అమరావతిలో దారి చూపువాని బాధ్యత కార్డోవా గైడు బాధ్యతకంటె గొప్పది.

మనవారి కీ పని చేతగాదని తలపనక్కర లేదు. మెకంజీకి ఈ దేశమున దారి చూపినవారు ఏలూరి వారయిన కావలి సోదరులు. వారిలో బొఱ్ఱయ్య 1803లో చిన్నవయస్సుననే చనిపోయెను. లక్ష్మయ్య, రామస్వామి ఆ పనిని నడిపిరి. ఊరూర పెద్దలను అడిగి, కరణముల కవిలెలు చూచి, శాసనములు నకలు వ్రాసి, ప్రతి గ్రామమునకును కైఫియతు సిద్ధము చేయించిరి. వానిలో కట్టుకథలును గలవు, లెక్కలును గలవు. అయినను ఎవరు చెప్పిరో, ఏ ఊరు చెప్పెనో తెలియును. వారికి వెనుక 1830లో మదరాసునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు బస యెచట బాగుండును, నీళ్లెట్టివి, దారిలో రాయియా రేగడియా, ఏ దేశాచార మెట్టిది అను సంగతులను దినదినమును వ్రాసికొనిరి. 1838లో అచ్చుపడిన వారి కాశీయాత్రచరిత్ర నేటికిని నమ్మదగియుండుటకు కారణ మదియే: చూచినదానిని చూచినట్లు, వినినదానిని వినినట్లు చెప్పుట. చైనాదేశమునుండి 7వ శతాబ్దమున వచ్చిన హ్యూయన్ త్సాంగు సయితము ఈ ధాన్యకటక దేశమున సంఘారామములు పెక్కు పాడుపడియున్నవనియు, ఇరువది మాత్రము వాడుకలో నున్నవనియు వ్రాసిపెట్టెను. తన మతపు స్థలములు పాడయిన సంగతి అతడు దాచలేదు. గైడునకు కావలసిన గుణము పాండిత్యము కాదు, ఈ నిజాయితీయే.

మా గైడు మా మాటలు బస్సు ముందుభాగమునుండి వినుచుండె నని మా కప్పుడు తెలియదు. బెజవాడలో దిగునపు డతడు మావద్దకు వచ్చి, "అయ్యా, ఆ తోలుపనాయన పేరు మళ్లీ చెప్పండి" అనెను. చెప్పితిమి. జేబులోని చీటిమీద వ్రాసికొనెను. "ఇదెక్కడుందో చూపించమంటే ఏం చెప్పను?" అని యడిగెను. ఆ ప్రశ్న మమ్ము నిరుత్తరులను జేసెను. చూపుటకు ఆ దిబ్బమీద ఆ పలక లేదు. దాని మాటను తెలుగున వ్రాసిన బోర్డును లేదు. "చూపలేకపోయినను చెప్పవచ్చును గదా" అంటిమి. "చెబుతానండి. వినాలి గదా" అని నవ్వి, తరువాతి బస్సువారిని గూర్చి ఫోనులో మాటాడుచు వెళ్లిపోయెను.

వినవలె గదా! అతడన్న మాటలో నిజమున్నది. సొరంగమును గూర్చి వినినపుడు తల లెత్తితిమి. శాసనములను గూర్చి చెప్పుచుండగా గడియారము చూచుకొంటిమి. గైడు వర్తకుని వంటివాడు. మనము కొనుసరకునే తెచ్చును. మన బిడ్డలకు రాజుల కథయే చాలుననుకొన్నచో, అతడు రాజుల కథయే చెప్పును. దోచినవారు పరాయివారే యనుకొనుట మనకు సుఖముగ నున్నచో, అతడా సుఖమునే కొలిచి యిచ్చును.

కావున గృహస్థులకును, విశేషించి గృహిణులకును మా మనవి యిది. అమరావతికి వెళ్లుడు. బెజవాడనుండి ప్రొద్దుట బయలుదేరినచో సాయంకాలమునకు ఇల్లు చేరవచ్చును. దర్శనము చేసికొనుడు, మజ్జిగ త్రాగుడు. కాని చెట్టునీడను మిగిలిపోక, ఆ దిబ్బవరకు నడువుడు. పిల్లలను ముందు నడిపింపుడు. మ్యూజియములోని ప్రతి పలక యెదుటను గైడును ఒక్క ప్రశ్న యడుగుడు: "దీనిని ఇచ్చినది ఎవరు?" అతడు "రాజులు" అని చెప్పినచో రెండవమారు అడుగుడు. అడుగువారు పెరిగినచో చెప్పువాడు నేర్చుకొనును, ఇది వర్తకధర్మము. మరియు పురావస్తుశాఖవారు ఆ దిబ్బయొద్ద, దాతల శాసనములలో పది పండ్రెండింటిని సులభమైన తెలుగున వ్రాయించి నిలిపినచో, గైడునకు చూపించుట కేదియో యొకటి యుండును.

విధికుడు తన తల్లితోను, భార్యతోను, బిడ్డలతోను ఆ చైత్యమునకు వచ్చినపుడు వారిలో నెవ్వరిని బయట కూర్చుండబెట్టలేదు. ఆ రాతిమీద అందరును గలరు. మన యాత్రలును అట్లే జరుగవలెనని మా యాశ.